మొదటి గడిలో పేరు

మా వీధి చివర టిఫిన్ సెంటరు నడిపే దంపతులకి రెండో కొడుకు కౌలాలంపూర్‌లో ఉన్నాడు. చూడ్డానికి వెళ్తున్నారు. విమానం గురువారం రాత్రి. ఆవిడ ఆదివారం పొద్దున్నే చట్నీ గిన్నె ఒక చేత్తో, రెండు పాస్‌పోర్టులు ఇంకో చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"మాస్టారూ, వీసా అక్కర్లేదన్నాడండీ మావాడు. ఇప్పుడేమో ఫోన్లో ఏదో నింపాలంటన్నాడు. అక్కర్లేనిదానికి మళ్లీ నింపడవేటండీ?"

అడగవలసిన ప్రశ్నే. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా మనవాళ్లని 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది. కానీ దిగబోయే ముందు మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపమంటుంది. థాయ్‌లాండూ అంతే. విమానంలో ఇచ్చే కాగితం కార్డు తీసేసి 2025 మే 1 నుంచి ఆన్‌లైన్‌లో పెట్టింది. ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవడం శ్రీలంక 2012లోనే మొదలెట్టింది. "ఇంకా వేళ కాలేదమ్మా, బుధవారం రండి" అన్నాను. ఆవిడ చట్నీ గిన్నె వదిలేసి వెళ్లింది.

నేను విశాఖపట్నంలో 1983లో సెకండ్‌హ్యాండ్ టైపు మిషనొకటి కొని జాబ్ వర్క్ మొదలెట్టాను. నలభై ఏళ్లుగా ఇతరుల పేర్లు గడుల్లో కొట్టడమే నా బతుకు. నేను మిషను కొన్న ఏడాదే ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. పదో తరగతి తప్పినవాడు గల్ఫ్‌కి కూలికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ దగ్గర క్లియరెన్సు తెచ్చుకోవాలి. పాసైనవాడికి అక్కర్లేదు. పాస్‌పోర్టు దరఖాస్తుకి మార్కుల లిస్టు జత చెయ్యడానికి నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో ఎంతమంది లెక్కల పరీక్ష తప్పి ఆగిపోయారో నాకు తెలుసు. దేశం దాటడానికీ త్రికోణమితికీ సంబంధం ఏమిటని ఒకడు నన్ను నిలదీశాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ "ప్రొటెక్టర్" అన్న మాట మాత్రం 1983లో పుట్టింది కాదు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో బయల్దేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలో నేటాల్‌లోని డర్బన్ చేరింది. అక్కడి చెరుకు తోటల్లో ఒప్పందం కూలికి మనవాళ్లు వెళ్లడం దానితో మొదలై 1911 దాకా సాగింది. ఆ యాభై ఏళ్లలో వెళ్లిన లక్షన్నర మందిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. ఓడ ఎక్కేముందే రేవులో ప్రొటెక్టర్ దగ్గరి గుమస్తా పెద్ద పుస్తకంలో వరసలు గీసేవాడు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. మచ్చ ఎక్కడుంది, కాలిన గుర్తు ఏ చేతి మీద ఉంది అన్నీ రాసేవాడు. మన పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టుమచ్చలు రాయించుకున్న ప్రతివాడికీ ఆ గడి పరిచయమే.

గుమస్తాకి తెలుగు వచ్చినా రాకపోయినా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో గీకేవాడు. పేరులో సగం ఎగిరిపోయేది, ఇంటిపేరు ఊసే ఉండేది కాదు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు ఇవాళ తమ ముత్తాత ఊరు వెతుక్కోవాలంటే ఆ రాతలే దిక్కు. తప్పు రాసింది గుమస్తా, మోసింది మనిషి. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వెళ్లేవాడికి చదువు రాకపోయినా అప్పట్లో ఓడ ఎక్కనిచ్చారు, ఎందుకంటే అవతల చెరుకు నరకాలి.

కూలీల వెనకే సొంత డబ్బుతో వర్తకులు కూడా వచ్చేసరికి నేటాల్ తెల్లదొరలకి గుండె గుభేలుమంది. 1897లో ఇమిగ్రేషన్ రిస్ట్రిక్షన్ చట్టం తెచ్చారు. భారతీయులు రావద్దని అందులో ఎక్కడా ఉండదు. వచ్చినవాడు ఏదో ఒక యూరప్ భాషలో తన చేత్తో దరఖాస్తు రాసి సంతకం పెట్టాలి, అంతే. అదెంత తెలివైన గడి! ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. ఫారమే జల్లెడ పట్టింది. గాంధీగారు అప్పుడు అక్కడే ఉండి దానిమీద అర్జీలు రాశారు. ఆస్ట్రేలియా ఆ ఉపాయాన్నే అరువు తెచ్చుకుని 1901లో డిక్టేషన్ పరీక్షగా మార్చింది. అధికారి యాభై మాటలు చదువుతాడు, వద్దనుకున్నవాడికి అతనికి రాని భాషలో చదువుతాడు. ఆ పరీక్ష 1958 దాకా ఉంది. మళ్లీ 1996లో ప్రయాణానికి ముందే కంప్యూటర్లో అనుమతి ఇచ్చే ఈటీఏని మొదట తెచ్చిందీ ఆస్ట్రేలియానే. ఫారాల విషయంలో ఆ దేశానిది అందె వేసిన చెయ్యి.

మా ఇంట్లో మాత్రం ఫారం లేని ప్రయాణం కథే చెప్పుకునేవాళ్లు. మా అమ్మమ్మ వాళ్లాయన రంగం వెళ్లాడు. రంగం అంటే రంగూన్. మేస్త్రీ బయానా ఇస్తాడు, భీమిలి రేవులో స్టీమరు ఎక్కిస్తాడు, నాలుగు రోజులకి అవతలి గట్టు. "టిక్కెట్టు ఉంటే చాలు, చీటీ ఎందుకురా?" అనేది అమ్మమ్మ. ఆవిడన్నది నిజమే. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక ముక్క, మనవాళ్లకి పరాయి దేశమే కాదు. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలని కోరంగీలనే పిలిచేవారు, కోరంగి రేవు పేరు మీద. విడిపోయాక 1941లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకున్నాయి, ఇక పాస్‌పోర్టూ పర్మిట్టూ కావాలని. ఆ ఫారాలు జనం చేతికి అందే లోపే, డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. తాత అడవుల గుండా నడిచి వచ్చాడు. ఏ గడిలోనూ అతని పేరు లేదు. వచ్చాడని చెప్పడానికి పాదాల మీద పుళ్లు తప్ప ఇంకేం లేవు.

ఇప్పుడు వంతు మారింది. 1986లో లండన్ వెళ్లే భారతీయులకి వీసా పెట్టినప్పుడు అమెరికన్లు హాయిగా దిగిపోయేవాళ్లు. 2025 జనవరి 8 నుంచి వాళ్లకీ ఈటీఏ కావాలి. న్యూజెర్సీలో పుట్టి అమెరికా పాస్‌పోర్టు ఉన్న మా మేనకోడలి కూతురు, ఇండియా వస్తూ రెండు రోజులు లండన్‌లో ఆగుదామంటే మొన్న నాకే ఫోన్ చేసింది. ఎంతటి దేశపు పాస్‌పోర్టున్నా గడుల ముందు అందరం ఒక వరసే అని నాకు లోపల కొంచెం సంతోషమే కలిగింది. చిన్నబుద్ధి అనుకోండి.

మారనిది పేరు గోల. మనకి ఇంటిపేరు ముందు, వాళ్లకి వెనక. కొందరి పాస్‌పోర్టులో మొత్తం ఒకే గడిలో ఉంటుంది, రెండోది ఖాళీ. అలాంటివాళ్లలో కొందరికి అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దానర్థం. నాకు తెలిసిన కుర్రాణ్ణి ఆఫీసులో అందరూ "ఫ్నూ" అనే పిలిచేవారట. 2022 నవంబరులో యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వం అన్నప్పుడు నా దగ్గరికి వారం రోజులు జనం క్యూ కట్టారు.

బుధవారం ఆవిడ వచ్చింది. వెతకగానే పైన కనిపించిన సైటు డబ్బు అడిగింది. మలేషియా కార్డుకి రుసుము లేదు. ఆ పేజీ మూసేసి ప్రభుత్వం సైటు తెరిచాను. కిందటేడు నా సొంత శ్రీలంక ప్రయాణానికి ఇలాంటి చోటే డబ్బు కట్టి నాలిక్కరుచుకున్నాను, అందుకే తెలిసింది.

పాస్‌పోర్టు చూసి పేరు కొడుతుంటే ఆవిడ నా భుజం మీంచి తొంగి చూసింది. పేరు మధ్యలో ఒక అక్షరం లేదు.

"అది తప్పండి మాస్టారూ. మా అమ్మ పెట్టిన పేరు అది కాదండీ."

"పాస్‌పోర్టులో అలానే ఉందమ్మా. అలానే కొట్టాలి. సరిచేస్తే ఆపేస్తారు."

ఆవిడ కాసేపు తెర వంక చూసి, "అలాగైతే అదే కానివ్వండి, నాలుగు రోజులేగా" అంది. ప్రింటు తీసి ఇచ్చాను. ఫోన్లో ఉంటే చాలన్నా వినలేదు, మడిచి పర్సులో పెట్టుకుంది.