నోటి టీకాలు: శిశువులకు వేయడంలో శిక్షణ

భారత సార్వత్రిక టీకా కార్యక్రమంలో శిశువులకు నోటి ద్వారా ఇచ్చేవి పోలియో, రోటావైరస్ టీకాలు. రెండోదాన్ని 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో ప్రారంభించారు. 6, 10, 14 వారాల వయసులో వేస్తారు.

సూది లేదు కాబట్టి ఏఎన్ఎంలకు ఈ పని తేలికనిపిస్తుంది. పొరపాటుకు తావు అక్కడే. 2021లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 12 మంది పిల్లలకు పోలియో చుక్కలకు బదులు శానిటైజర్ వేశారు. అందుకే లేబుల్, గడువు తేదీ, సీసా మీది ఉష్ణ సూచిక చూడటమే మొదటి పాఠం. సూచికలో లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటేనే మందు పనికొస్తుంది. పొడి రూపంలో వచ్చే రోటా టీకాను దానితో వచ్చిన ద్రావకంతోనే కలపాలి. ఇంజెక్షన్‌గా ఎన్నడూ ఇవ్వకూడదు.

బిడ్డను తల్లి ఒళ్లో తల కాస్త ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టాలి. పోలియో మందు రెండే చుక్కలు, డ్రాపర్ పెదవులకు తగలకూడదు. రోటా మందును బుగ్గ లోపలి వైపు మెల్లగా వదలాలి. నేరుగా గొంతులో పోస్తే పొలమారుతుంది. ఏడ్చే బిడ్డ సరిగా మింగదు గనుక సూది టీకాలు ఆ తర్వాతే. తల్లిపాలు ముందైనా, వెంటనైనా పట్టవచ్చు. టీకా వేశాక అరగంట సేపు బిడ్డను అక్కడే ఉంచి గమనిస్తారు.