టాహో సరస్సు: వేసవి విడిది పన్నెండు నెలల ఆటస్థలం ఎలా అయింది?

బే ఏరియాలో ఉన్న మనవాళ్లలో ఒక్కసారైనా టాహో వెళ్లిరానివాళ్లు తక్కువ. వేసవిలో కయాక్‌లు, పడవలు. చలికాలంలో మంచు, స్కీయింగ్. ఏ నెలలో వెళ్లినా రద్దీయే. ఒకప్పుడు ఇలా లేదు. అందుకే ఇవాళ ఆ కథ.

టాహో కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో, సియెర్రా నెవాడా కొండల మధ్య దాదాపు 6,225 అడుగుల ఎత్తులో ఉంది. లోతు 1,645 అడుగులు. ఇక్కడి మూలవాసులు వాషో ప్రజలు. వేల ఏళ్లుగా వాళ్లు వేసవిలో వచ్చి చేపలు పట్టుకునేవాళ్లు, చలి మొదలయ్యేసరికి కింది లోయలకు దిగిపోయేవాళ్లు.

1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి గనులు బయటపడ్డాయి. సొరంగాలు కూలకుండా నిలబెట్టడానికి దుంగలు కావాలి కదా! టాహో చుట్టూ ఉన్న అడవిని చాలావరకు నరికేశారు. వాషో వాళ్లకు తమ చోటే లేకుండా పోయింది. తర్వాత డబ్బున్నవాళ్ల కోసం వేసవి హోటళ్లు వెలిశాయి. మంచు పడితే అవీ మూతే.

అసలు మలుపు 1960. సరస్సుకు కొద్ది మైళ్ల దూరంలోని స్క్వా వ్యాలీలో వింటర్ ఒలింపిక్స్ జరిగాయి. అలెగ్జాండర్ కుషింగ్ అక్కడ స్కీ రిసార్ట్ తెరిచింది 1949లోనే! నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు నచ్చే ముక్క ఒకటి చెప్తా: ఆ పోటీల ఫలితాలు లెక్కగట్టడానికి ఐబీఎం కంప్యూటర్ పెట్టారు. టీవీలో ఆ మంచుకొండలు చూసి జనం బయల్దేరారు. రోడ్లు, మోటళ్లు, ఇళ్లు పెరిగాయి.

మరి సరస్సు సంగతి? తెల్లటి డిస్క్‌ని నీళ్లలోకి దించి, ఎంత లోతు వరకు కనబడుతుందో కొలుస్తారు. 1968లో ఏడాది సగటు 102 అడుగులు. 1997కి 64. మురుగునీటిని కొండలు దాటించి బయటికి పంప్ చేస్తున్నా తగ్గింది. ఎందుకని?

పెద్ద కారణం రోడ్డు. చలికాలంలో కార్లు జారకుండా రోడ్లమీద ఇసుక చల్లుతారు. టైర్ల కింద అది నలిగి పిండి అవుతుంది, మంచు కరిగినప్పుడు సరస్సులోకి కొట్టుకుపోతుంది. అంత సన్నటి రేణువులు త్వరగా అడుక్కి దిగవు, నీళ్లలోనే తేలుతూ వెలుతురుని చెదరగొడతాయి. అంటే పన్నెండు నెలలూ మనల్ని అక్కడికి చేర్చే రోడ్డే నీటిని మసకబారుస్తోంది.

ఇప్పుడు రోడ్ల దుమ్మును యంత్రాలతో ఊడుస్తున్నారు, వాననీటిని గుంటల్లో నిలిపి వదులుతున్నారు. మళ్లీ 97 అడుగులకు చేరాలన్నది లక్ష్యం. స్క్వా అనేది మూలవాసి స్త్రీలను కించపరిచే మాట కాబట్టి 2021లో ఆ రిసార్ట్ పేరు పాలిసేడ్స్ టాహోగా మార్చారు. పేరు మార్చడం తేలికే. నీళ్లు తేటపడటానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.

ఈసారి వెళ్తే నలుగురూ ఒకే కార్లో వెళ్లండి. అక్కడ షటిల్ బస్సు దొరికితే ఎక్కండి. మీరు చూసినప్పుడు నీళ్లు ఎలా ఉన్నాయో కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం.