టపాలో నడిచిన చదరంగం

దూరదేశాల్లో ఉన్న మనవలతో వీడియో కాల్‌లో చదరంగం ఆడుతూ ఇదేదో కొత్త వింత అనుకుంటున్నాం. మన బళ్ళారి మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1828-29లోనే, మద్రాసు, హైదరాబాదు వాళ్ళు టపాలో ఆడారు.

రైల్వేలో పనిచేసిన మాకు ఇది మరీ ఆశ్చర్యం. దక్షిణాదిన ప్రయాణికుల రైలు మొదలైందే 1856లో. అప్పటికి తంతీ లేదు. ఎత్తు కాగితం మీద రాసి పంపాలి, జవాబు కోసం కాచుకోవాలి. ఒక్క గడి తప్పు రాస్తే రెండు బల్లలూ వేరైపోతాయి.

మద్రాసు ఆట నడిపించింది గులాం కాసిం. రెండాటలూ మద్రాసే గెలిచింది. 1829లో జేమ్స్ కాక్రేన్‌తో కలిసి ఆయన వాటిని పుస్తకంలో అచ్చు వేయించారు. రాసిపెట్టారు కాబట్టే ఆ ఆట నేటికీ మిగిలింది.

మన ఆటలు కాల్ కట్ చేయగానే పోతున్నాయి. ఎత్తులు నోటుబుక్కులో రాసి ఉంచుదాం. మనం లేని రోజున మనవలు తీసి చూసుకుంటారు.