గొట్టాల అతుకు, గుక్కెడు నీరు: ఒక చిన్న చరిత్ర

రక్తపోటు, మధుమేహం గురించి రాసే వైద్యుడు ఈసారి మురుగు గొట్టాల చరిత్ర ఎందుకు ఎత్తుకున్నాడని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది.

నేను సర్వీసులో ఉన్న రోజులలో ఎచ్చెర్ల ప్రాంతం నుంచి ఒక గర్భిణిని పచ్చకామెర్లతో ఆసుపత్రికి తెచ్చారు. పురుటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి, ఎనిమిదో నెల. ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరికి కామెర్లు వచ్చి తగ్గాయి. ఈమెకు కూడా పసరు మందు పోస్తూ వారం గడిపారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. తరువాత ఆ ఇంటికి వెళ్లి చూశాను. పెరట్లో నుయ్యి, దానికి కొద్ది అడుగుల దూరంలో మరుగుదొడ్డి గొట్టం. కొత్త ప్లాస్టిక్ గొట్టాన్ని పాత మట్టి గొట్టంలో దూర్చి చుట్టూ సిమెంటు మెత్తారు. ఆ సిమెంటు బీటలు వారింది, నేలంతా చెమ్మగా ఉంది. ప్రయోగశాలలో రుజువు చేసే వీలు నాకు లేకపోయింది. అయినా ఆ అతుకును నేను మరువలేదు.

1955-56లో ఢిల్లీలో యమున నుంచి మురుగు తాగునీటిలో కలిసి 29 వేల మందికి పైగా కామెర్ల పాలయ్యారు. గర్భిణులలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అది హెపటైటిస్-ఇ అని తరువాతి కాలంలో తేలింది. మురుగుకూ మంచినీటికీ మధ్యనున్న అడ్డు ఎంత పలుచనిదో దీన్నిబట్టి గ్రహించండి.

మన ఉపఖండానికి ఈ విద్య కొత్త కాదు. నాలుగు వేల ఏళ్లకు పూర్వమే సింధు నగరాలలో కాల్చిన మట్టి గొట్టాలను ఒకదాని కొన మరొకదాని నోటిలో ఇమిడేలా చేశారు. మట్టికి మట్టే జత గనుక ఎండకైనా తడికైనా రెండూ ఒకే తీరున స్పందించేవి.

అతుకు వదిలితే ఏమవుతుందో 1854లో లండన్‌లోని బ్రాడ్ వీధి చూపింది. అక్కడ కలరాకు 600 మందికి పైగా మరణించారు. వీధి పంపు నీరే కారణమని డాక్టర్ జాన్ స్నో గుర్తించాడు. మరుసటి ఏడాది తవ్వి చూస్తే, 40వ నంబరు ఇంటి మురుగుగుంట ఇటుక కట్టుబడి సడలి ఉంది. ఆ గుంటకూ పంపు బావికీ మధ్య దూరం మూడడుగుల లోపే.

తరువాత పోత ఇనుప గొట్టాలు వచ్చాయి. అతుకులో నారను కూరి, దానిపై సీసం కరిగించి పోసి, ఉలితో బిగగొట్టేవారు. సీసం మెత్తని లోహం గనుక కొద్దిపాటి కదలికను ఓర్చుకునేది. స్టోన్‌వేర్ గొట్టాలకు నార, సిమెంటు వాడారు.

1930లలో జర్మనీలో మొదలైన పీవీసీ గొట్టం చివరకు మన ఊళ్లకూ చేరింది. అది తేలిక, చవక, తుప్పు పట్టదు. అయితే దాని జిగురు పీవీసీని కరిగించి పీవీసీతోనే కలుపుతుంది. మట్టినీ, సిమెంటునూ, ఇనుమునూ పట్టుకోదు. పైగా వేడికి పీవీసీ ఇనుము కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువగా సాగుతుంది. పది అడుగుల గొట్టం 20 డిగ్రీలు వేడెక్కితే మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. బిర్రుగా పట్టిన సిమెంటు ఆ కదలికకు చిట్లుతుంది.

ఎచ్చెర్లకు 2008లో విశ్వవిద్యాలయం వచ్చింది. ఇలా ఊరు పెరిగినచోట పాత ఇళ్లకు అద్దె వాటాలు, కొత్త మరుగుదొడ్లు తోడవుతాయి. కొత్త గొట్టం పాత గొట్టంతో కలిసేది అక్కడే.

కనుక మీ ఇంట పని జరిగితే ఇవి గమనించండి. వేర్వేరు రకాల గొట్టాలను వాటి బయటి కొలతకు సరిపోయే రబ్బరు తొడుగు, స్టీలు క్లాంపులతో కలపమనండి. అది దొరకనప్పుడు పీవీసీ కొనను గరుకుచేసి, జిగురు పూసి, పొడి ఇసుక చల్లి, ఆరిన తరువాతే నార కూరి సిమెంటు పెట్టాలి. నీరు పారే దిశలో పెద్ద గొట్టం నుంచి చిన్న గొట్టంలోకి కలపరాదు. గోయి పూడ్చకముందే కింది కొన మూసి నీరు నింపి, అరగంట సేపు మట్టం తగ్గుతున్నదేమో చూడండి. నుయ్యి ఉంటే మరుగుదొడ్డి గుంటను కనీసం 15 మీటర్ల దూరంలో ఉంచండి. ఇంట్లో గర్భిణి ఉంటే నీటిని మరిగించి చల్లార్చి ఇవ్వండి. కామెర్లు కనబడిన రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మేస్త్రీ గోయి పూడ్చేస్తానంటే అరగంట ఆగమనండి. ఆ అరగంట చాలా విలువైనది.