ఏటిగట్టున నేర్చిన విద్య

వేకువజామున కృష్ణ గట్టున నడచు అలవాటు మీలో పెక్కురకు ఉండును. ఇంద్రకీలాద్రి నీడ నీటిపై పడుటయు, ఎదుట సీతానగరపు కొండ తొలివెలుగున మెల్లగా తేలుటయు మనము నిత్యము కనుచున్నదే. కనుచున్నాము గాని, చూచుచున్నామా? ఈ ప్రశ్న ముందు నన్ను నేనే అడిగికొనవలసి యున్నది. నేను పెక్కేండ్లు బడిలో కావ్యములలోని అష్టాదశ వర్ణనలను బోధించినవాడను. సూర్యోదయ వర్ణనమునకు తాత్పర్యము చెప్పితిని, అలంకారము చెప్పితిని. ఒక్కనాడైనను పిల్లలను గట్టునకు తోడ్కొనిపోయి సూర్యోదయమును చూపనైతిని.

నేను చేయని ఆ పనిని రాజమహేంద్రవరమున ఒక ఆంగ్లేయుడు చేసెను. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. 1919 వఱకు అచ్చటి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడు. స్వయముగా చిత్రకారుడగుటచే ఆయన శిష్యులను వెంటబెట్టుకొని గోదావరి యొడ్డునకు పోయి చిత్రములు వ్రాయుచుండెడివాడు. ఆ చల్లని నీడన పెరిగినవారు దామెర్ల రామారావుగారు. వారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. కూల్డ్రే ప్రోత్సాహముచే 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పోయి, 1920 వఱకు అచ్చట విద్య గడించిరి.

గదిలో కూర్చుండి వ్రాయుట వేఱు, బయట వ్రాయుట వేఱు. గదిలో దీపము కదలదు. బయట సూర్యుడు నిలువడు. చెట్టునీడను గీచి, రంగు కలుపుకొని తల యెత్తునంతలో ఆ నీడ జరిగిపోవును. ఎండలో నీటిరంగు త్వరగా ఆరును. తప్పు దిద్దుటకు వ్యవధి చిక్కదు. కావున ఏది ముఖ్యమో, ఏది విడువదగినదో క్షణములో నిర్ణయింపవలెను. మబ్బును చూచి నారు పోయు రైతునకు ఈ కష్టము వేఱుగ చెప్పనక్కఱలేదు. రామారావుగారు గోదావరిని, తూర్పు కనుమల కొండలను, జనుల నిత్యజీవనమును ఇట్లే పరిశీలించి గీతలతో పుస్తకములు నింపిరి.

వారి ఖ్యాతి ఊరి పొలిమేర దాటెను. 1922లో కలకత్తా ప్రదర్శనమున వారి ఋష్యశృంగుని చిత్రము బహుమానము నందెను. 1924లో ఇంగ్లండు దేశమున వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమునకును వారి చిత్రములు పోయినవి. అట్టివారు పెద్ద పట్టణములలో స్థిరపడక, స్వస్థలమున చిత్రకళాశాల నెలకొల్పి పిల్లలకు విద్య గఱపిరి. వారి భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు సైతము కుంచె పట్టిరి. ఆడువారికి అక్షరములే అరుదైన ఆ దినములలో ఇది చిన్న సంగతి కాదు.

కాని విధి ఓర్వలేదు. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన మశూచికముచే రామారావుగారు అస్తమించిరి. అప్పటికి వారికి 28 ఏండ్లు నిండలేదు. గురువు పోయినను బడి నిలిచినది. మిత్రులగు వరదా వెంకటరత్నముగారు ఆ భారమును తమపై వేసికొనిరి. నేటికిని రాజమహేంద్రవరమున దామెర్లవారి పేర నున్న చిత్రశాలలో ఆ చిత్రములను చూడవచ్చును. కూల్డ్రే శిష్యులలోనివారే అడివి బాపిరాజుగారు. వారు మన బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు అధ్యక్షులై యుండిరి. గోదావరి గట్టున నాటిన విత్తు కృష్ణాతీరమునను మొలకెత్తినదన్నమాట.

పెద్దలారా! పిల్లవాడు బొగ్గుముక్కతో గోడపై గీతలు గీచినపుడు, బొమ్మలు కూడు పెట్టునా యని మనము కసరుకొందుము. సున్నపుగోడ పాడయ్యెనను బాధ నాకును తెలియును. కాని తన ఊరి చెఱువును, చేనును శ్రద్ధగా చూచి గీచినవాడు వాటిని ఊరక పాడు కానీయడు. చూచినదానిపైననే మనకు మమత కలుగును. కావున రేపు ఉదయము గట్టునకు పోవునపుడు ఒక బాలుని వెంటబెట్టుకొని పొండు. వాని చేతికి ఒక కాగితము, ఒక పెన్సిలు ఇండు. నేనును మా మనుమని తీసికొనిపోవుచున్నాను. ఆలస్యమైనది, ఐనను సూర్యుడు ప్రతిదినము ఉదయించుచునే యున్నాడు గదా!