ఎమెరిటస్ – బాకీయా? బహుమానమా?

రొమిలా థాపర్‌ను బయోడేటా పంపమన్నారు! 2019లో ఈ వార్త చదివి నేను మొదట చేసిన పని నిఘంటువు తీయడం. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆమెకున్న ‘ఎమెరిటస్’ హోదా కొనసాగాలో వద్దో సమీక్షిస్తారట. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటి?

అది లాటిన్ మాట. పుట్టుకలో పండితుల మాట కాదు, సిపాయిల మాట. రోమన్ సైన్యంలో గడువంతా పనిచేసి బయటికి వచ్చినవాడు ఎమెరిటస్. క్రీ.శ. 5లో ఆగస్టస్ చక్రవర్తి, 20 సంవత్సరాలు పనిచేసిన లీజియన్ సైనికుడికి 12,000 సెస్టెర్సులు ఇవ్వాలని నిర్ణయించాడు. అది దానం కాదు, చిందిన నెత్తుటికి బాకీ. ఆ బాకీ ఎగవేతకూ చరిత్ర ఉంది. క్రీ.శ. 14లో ఆగస్టస్ చనిపోగానే పనోనియాలోనూ, రైన్ నది ఒడ్డునా సైనికులు తిరగబడ్డారు. గడువు తీరినా తమను వదలడం లేదనీ, పొలాల పేరుతో బురదనేలలూ కొండచరియలూ అంటగడుతున్నారనీ పనోనియా సైనికులు మొరపెట్టుకున్నారు.

తర్వాతి కాలంలో ఆ మాట విశ్వవిద్యాలయాలకు వచ్చింది. సిపాయికి దక్కిన సొమ్ము ఆచార్యుడికి లేదు. సాధారణంగా జీతం ఉండదు, అధికారం ఉండదు. మిగిలేది గౌరవమూ, చదువుల లోకంతో తెగని బంధమూ.

థాపర్ అక్కడ 1970 నుంచి 1991 దాకా పాఠాలు చెప్పారు. 1993లో ఈ గౌరవం పొందారు. బయోడేటా అడిగేనాటికి ఆమెకు 87 ఏళ్లు. 75 దాటినవారి విషయం సమీక్షించాలన్నది నిబంధననీ, ఆమె ఒక్కరికే రాయలేదనీ అధికారులు సమాధానం చెప్పారు. ఆమె బయోడేటా పంపడానికి నిరాకరించారు.

నిబంధన ఉందనే ఒప్పుకుందాం. కానీ పూర్తయిన సేవకు కొత్తగా పరీక్ష ఏమిటి? సోమనాథ్ మీద 2004లో వచ్చిన పుస్తకంలో ఆమె సంస్కృత శాసనాలనూ, జైన గ్రంథాలనూ, పారశీక రచనలనూ పక్కపక్కన పెట్టి, ఒకే సంఘటన గురించి ఎన్ని గొంతులు ఎన్ని విధాలుగా పలికాయో చూపించారు. చరిత్రకు ఒకే గొంతు ఉండాలనేవారికి ఇది రుచించదు. ఇచ్చిన గౌరవాన్ని వెనక్కి తీసుకోవచ్చునని తెలిస్తే, రేపు రిటైరయ్యే ఆచార్యుడు నోరు కట్టుకుంటాడు. నష్టం అక్కడుంది.

అయితే మనం థాపర్ దగ్గరే ఆగితే న్యాయం కాదు. ఏళ్ల తరబడి గంటల లెక్కన కూలి తీసుకుని పాఠాలు చెప్పే తాత్కాలిక అధ్యాపకులూ గడువు తీర్చినవాళ్లే. వారికి బిరుదూ లేదు, పింఛనూ లేదు. ఎమెరిటస్ అన్నది చేసిన సేవకు పేరయితే, ఆ మాట మీద మొదటి హక్కు వాళ్లది.