పేగు మానినా బాధ ఎందుకు మిగులుతుంది? ఐబీడీ ఉపశమన దశలో తెలుసుకోవాల్సిన విషయాలు

పరీక్షల్లో పేగు మానినట్లే కనిపిస్తుంది. మలంలో రక్తం పడటం ఆగి నెలలు గడుస్తాయి. అయినా ఉదయం మూడు నాలుగు సార్లు మరుగుదొడ్డికి పరుగెత్తాల్సి వస్తుంది. భోజనం కాగానే పొట్ట ఉబ్బుతుంది, మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది. ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, క్లుప్తంగా ఐబీడీ, ఉన్నవారిలో చాలామందికి ఇది అనుభవమే.

ఇలాంటప్పుడు జబ్బు తిరగబెట్టిందన్న భయంతో కొందరు పాత చీటీలోని స్టెరాయిడ్ మాత్రలు మళ్లీ మొదలుపెడతారు. మందులు పనిచేయడం లేదన్న నిరాశతో మరికొందరు రోజూ వాడాల్సిన మందులు మానేస్తారు. ఈ రెండూ ప్రమాదకరమే. బాధ ఉన్నంత మాత్రాన పేగులో వాపు ఉన్నట్లు కాదు. బాధ లేనంత మాత్రాన వాపు లేనట్లూ కాదు. అందుకే చికిత్స మార్చే ముందు వాపును పరీక్షతో కొలవాలి.

కర్గీ రోడ్ వంటి ఊళ్లలో ఎందుకు ముఖ్యం?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా కోటా పట్టణానికి ఉన్న రైల్వే స్టేషన్ పేరు కర్గీ రోడ్. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే మార్గంలో సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచే తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల కోసం బిలాస్‌పూర్ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూరే ప్రధాన కేంద్రం.

రైల్వే పనికి వేళాపాళా ఉండదు. లోకో పైలట్లు, గార్డులు, ట్రాక్ సిబ్బంది గంటల తరబడి మరుగుదొడ్డి అందుబాటులో లేని చోట విధుల్లో ఉండాల్సి వస్తుంది. అటువంటి వారికి ఆపుకోలేని విరేచనం చిన్న ఇబ్బంది కాదు, ఉద్యోగానికే సంబంధించిన సమస్య. నిపుణుడైన వైద్యుడిని కలవాలంటే బిలాస్‌పూర్‌కో, రాయ్‌పూర్‌కో వెళ్లాల్సి రావడంతో చాలామంది దగ్గర్లోని మందుల దుకాణంతో సరిపెట్టుకుంటారు.

ఐబీడీ నగరాల జబ్బు అన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం దీనికి భిన్నమైన చిత్రాన్ని చూపింది. కడుపు సమస్యలతో పరీక్షకు వచ్చినవారిలో గ్రామీణులు, పట్టణవాసులు అన్న తేడా లేకుండా ఈ జబ్బు దాదాపు ఒకే స్థాయిలో కనిపించింది.

ఎంతమందిలో కనిపిస్తుంది?

ఐబీడీలో ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకు పరిమితమవుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం వరకు జీర్ణమార్గంలో ఎక్కడైనా రావచ్చు. మందులతో వాపు అదుపులోకి వచ్చిన స్థితిని ఉపశమన దశ అంటారు.

ఈ దశలో ఉన్నవారిపై వివిధ దేశాల్లో జరిగిన 27 అధ్యయనాలను పరిశోధకులు 2020లో కలిపి విశ్లేషించారు. సుమారు 32 శాతం మందిలో ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్, తరహా లక్షణాలు ఉన్నట్లు తేలింది. కొలైటిస్ ఉన్నవారి కంటే క్రోన్స్ ఉన్నవారిలో ఇవి కొంత ఎక్కువ. ఎండోస్కోపీలో పేగు మానినట్లు నిర్ధారణ అయినవారిలోనూ దాదాపు నాలుగింట ఒకరికి బాధ మిగిలే ఉంది. కాబట్టి ఇది రోగి ఊహ కాదు, నటన అంతకన్నా కాదు.

కారణాలు ఏమిటి?

దీర్ఘకాలం వాపునకు గురైన పేగులోని నరాలు అతిసున్నితంగా మారవచ్చు. మామూలుగా గుర్తించని గాలి, కదలిక కూడా అప్పుడు నొప్పిగా తెలుస్తాయి. పేగుకూ మెదడుకూ మధ్య నిరంతరం సంకేతాలు నడుస్తుంటాయి కనుక ఆందోళన, నిద్రలేమి ఆ నొప్పిని పెంచుతాయి.

ఇతర కారణాలూ ఉన్నాయి. చిన్నపేగు చివరి భాగం దెబ్బతిన్నా, శస్త్రచికిత్సలో తొలగించినా పైత్య లవణాలు తిరిగి శరీరంలోకి చేరక పెద్దపేగులోకి దిగి నీళ్ల విరేచనాలు కలిగిస్తాయి. చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరిగితే ఉబ్బరం వస్తుంది. పాలలోని చక్కెరను జీర్ణించుకోలేకపోవడం భారతీయుల్లో సాధారణమే. పెద్దపేగు చివర మాత్రమే జబ్బు ఉన్న కొందరిలో పైభాగాన మలం నిల్వ ఉండిపోతుంది. కటి కండరాలు సరిగా సడలకపోతే ఎంత వెళ్లినా తీరనట్లే ఉంటుంది. క్రోన్స్‌లో పేగు ఇరుకైతే తిన్న తర్వాత నొప్పి, వాంతులు వస్తాయి.

ముందు ఏమి తేల్చాలి?

మొదటి మెట్టు ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష. పేగులో వాపు ఉన్నప్పుడు తెల్ల రక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్‌ను మలం నమూనాలో కొలుస్తారు. ఉపశమన దశలో ఉన్నవారిలో ఇది గ్రాముకు 150 మైక్రోగ్రాముల లోపు ఉంటే చురుకైన వాపు ఉండే అవకాశం తక్కువ. అంతకు మించితే జబ్బు తిరగబెట్టిందని వెంటనే తీర్మానించరాదు. ఇన్‌ఫెక్షన్ వల్లా, కొన్ని నొప్పి మాత్రల వల్లా కూడా అది పెరుగుతుంది. దానితో పాటు రక్తపరీక్ష, మలంలో ఇన్‌ఫెక్షన్ పరీక్ష చేస్తారు. అవసరమైతే కొలనోస్కోపీ, క్రోన్స్‌లో చిన్నపేగుకు స్కానింగ్ చేయిస్తారు.

భారతదేశంలో మరో జాగ్రత్త అవసరం. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి చూడటానికి ఒకేలా ఉంటాయి. క్షయ ఉన్నవారికి క్రోన్స్ అనుకొని స్టెరాయిడ్లు ఇస్తే ఆ జబ్బు ముదురుతుంది. వాపు లేకుండా స్టెరాయిడ్లు వాడితే ప్రయోజనం ఉండదు. ఎముకల బలం తగ్గడం, రక్తంలో చక్కెర పెరగడం, ఇన్‌ఫెక్షన్లు సోకడం వంటి నష్టాలు మాత్రం తప్పవు.

చికిత్స ఎలా ఉంటుంది?

వాపు లేదని తేలితే చికిత్స కారణాన్ని బట్టి మారుతుంది. పైత్య లవణాల విరేచనాలకు కొలెస్టిరమిన్ పొడి, బ్యాక్టీరియా పెరిగితే యాంటీబయాటిక్, మెలిపెట్టే నొప్పికి కండరాలను సడలించే మందు ఇస్తారు. విరేచనాలకు లోపెరమైడ్ ఉపయోగపడుతుంది కానీ వాపు తీవ్రంగా ఉన్నప్పుడు వాడరాదు. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మేలు చేస్తుంది. పేగు ఇరుకైనవారు మాత్రం వైద్యుడిని అడగకుండా తీసుకోరాదు. నొప్పి వదలనివారికి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్, మానసిక నిపుణుల శిక్షణ సాయపడతాయి. ఏ చికిత్స మొదలుపెట్టినా ఐబీడీ మందులు ఆపకూడదు.

ఆహారంలో పేగులో పులిసే పిండిపదార్థాలను కొన్నాళ్లు తగ్గించి చూడవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలు, రాజ్మా, శనగలు, పాలు ఈ జాబితాలో ముందుంటాయి. బియ్యం చాలామందికి సరిపడుతుంది కనుక అన్నం తినే ఇళ్లలో ఈ మార్పు కొంత సులువు. స్టేషన్‌లో పదేపదే తాగే పాల చాయ్ తగ్గించి పెరుగు కొద్దిగా తీసుకుంటే కొందరికి తేడా తెలుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత ఒక్కో పదార్థాన్ని మళ్లీ చేర్చి, ఏది పడటం లేదో గుర్తించాలి. ఏళ్ల తరబడి అన్నీ మానేస్తే పోషకాహార లోపం వస్తుంది. బరువు తక్కువగా ఉన్నవారు ఆహార నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఈ పద్ధతి పాటించరాదు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

మలంలో రక్తం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, కొత్తగా రక్తహీనత కనిపిస్తే వెంటనే వైద్యుడిని సంప్రదించాలి. పొట్ట బిగిసి వాంతులవుతూ గాలి, మలం రెండూ ఆగిపోతే అది అత్యవసర స్థితి.

ఆసుపత్రికి దూరంగా ఉన్నవారు రెండు వారాల పాటు విరేచనాల సంఖ్య, నొప్పి వేళ, తిన్నది, వాడిన మందులు ఒక పుస్తకంలో రాసుకోవడం మంచిది. పాత కొలనోస్కోపీ, రక్తపరీక్షల కాగితాలతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్తే ఒక్క ప్రయాణంలోనే వైద్యుడికి చాలా విషయాలు తెలుస్తాయి. కర్గీ రోడ్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రోగికి ఒక రోజు జీతం, ఒక రోజు శ్రమ ఆదా అవుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అవసరం లేని స్టెరాయిడ్ నుంచి రక్షణ దొరుకుతుంది.